పాత హాంకాంగ్ గ్యాంగ్‌స్టర్ సినిమాలు చూడ్డం ఎలా మొదలెట్టాలి

80ల మధ్య నుంచి 90ల దాకా హాంకాంగ్ లో కాంటనీస్ భాషలో వచ్చిన గ్యాంగ్‌స్టర్ సినిమాలు, అదే రెండు చేతుల్లో రెండు గన్‌లు, లాంగ్ కోటు, నోట్లో అగ్గిపుల్ల, స్లో మోషన్ లో గాల్లోకి ఎగిరి కాల్చడం, వీటి గురించి వినని వాళ్ళు తక్కువ గానీ మొదలెట్టి వదిలేసిన వాళ్ళు మాత్రం బోలెడు మంది. వదిలెయ్యడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు యూట్యూబ్ లో హార్డ్ బాయిల్డ్ అనే సినిమాలోని హాస్పిటల్ ఫైట్ ముక్క చూస్తారు, వామ్మో ఇదేంట్రా బాబూ అని మొత్తం సినిమా పెడతారు, తీరా చూస్తే మధ్యలో క్లారినెట్ వాయించడాలు, కన్నీళ్ళు, ఇద్దరు మగాళ్ళు ఏం మాట్లాడకుండా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ కూర్చోడాలు, ఇవన్నీ ఎందుకులే అని ఫార్వర్డ్ కొట్టేస్తారు. ఆ ఫార్వర్డ్ లో పోయిందే అసలు సినిమా. అది చూడకపోతే ఆ తర్వాత వచ్చే కాల్పులన్నీ వట్టి చప్పుడే.

కాబట్టి మొదటి పని, దీన్ని యాక్షన్ సినిమా అనుకోవడం మానేసి అన్నదమ్ముల సెంటిమెంట్ సినిమా చూస్తున్నాం అనుకుని కూర్చోండి. ఈ విషయంలో మనకి ఒక సుఖం ఉంది. ఇంగ్లీష్ సినిమాలు మాత్రమే చూసేవాళ్ళు ఈ ఏడుపులు చూసి నవ్వేస్తారు, ఒకే సినిమాలో కామెడీ, పాట, రక్తం, అమ్మానాన్న సెంటిమెంట్ ఎలా పెట్టారు అని తల పట్టుకుంటారు, మనం అదే తిని పెరిగినవాళ్ళం కదా, అన్న జైలు నుంచి వచ్చి తమ్ముడి ముందు తల దించుకుని నిలబడితే మనకి ఎవడూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ సీన్ ఉన్న సినిమాతోనే మొదలెట్టండి, ఎ బెటర్ టుమారో, 1986. వేరే ఏ లిస్టులో ఏం రాసినా సరే ఇదే ఫస్ట్. కథ చాలా సింపుల్, దొంగనోట్ల ముఠాలో అన్న, అతని ప్రాణ స్నేహితుడు, పోలీస్ అవ్వబోతున్న తమ్ముడు. తైవాన్ లో డీల్ బెడిసికొట్టి అన్న జైలుకెళ్తాడు, స్నేహితుడు పగ తీర్చుకోడానికి వెళ్ళి కాలికి తూటా తగిలి కుంటివాడవుతాడు, నిన్నటిదాకా వీళ్ళ బ్యాగులు మోసిన కుర్రాడు బాస్ అయిపోతాడు. అంతే. ఇది కొత్త కథ కూడా కాదు, 1967లో లుంగ్ కాంగ్ తీసిన ఒక పాత కాంటనీస్ సినిమా ఆధారంగా అల్లుకున్నదే.

అయితే ఈ సినిమా చూసేముందు తెరమీద ఉన్నవాళ్ళు అప్పటికి ఏ పరిస్థితిలో ఉన్నారో తెలుసుకుంటే పది రెట్లు ఎక్కువ తగులుతుంది. డైరెక్టర్ జాన్ వూ అప్పటికి కామెడీలు తీసి తీసి చేతులు కాల్చుకుని ఉన్నాడు, నిర్మాత సుయ్ హార్క్ నిలబడకపోతే ఈ సినిమానే లేదు. అన్న వేషం వేసిన టీ లంగ్ 70ల్లో షా బ్రదర్స్ కత్తి యుద్ధాల సినిమాల్లో పెద్ద హీరో, 80ల మధ్యకి వచ్చేసరికి ఆ స్టూడియో సినిమాలు తియ్యడమే ఆపేసింది, ఆయన్ని పట్టించుకునేవాడు లేడు. ఇక స్నేహితుడి వేషం వేసిన చౌ యున్ ఫ్యాట్, 1980లో ది బండ్ అనే టీవీ సీరియల్ తో ఇంటింటికీ తెలిసిన ముఖం, కానీ థియేటర్ లో మాత్రం ఆయన బొమ్మ పడితే డబ్బులు రావని ముద్ర. ఇలాంటి ముగ్గురు కలిసి, పోగొట్టుకున్న పేరు తిరిగి తెచ్చుకోవాలని కసిమీద ఉన్న మనుషుల గురించి సినిమా తీశారు, అందులో చౌ యున్ ఫ్యాట్ కుంటుకుంటూ వచ్చి నేను మూడేళ్ళుగా దీనికోసమే ఎదురుచూస్తున్నా అన్నట్టు మాట్లాడుతుంటే అది యాక్టింగో నిజమో అర్థం కాదు. సినిమా హాంకాంగ్ లో అప్పటిదాకా ఉన్న కలెక్షన్ రికార్డులు దాటేసింది, 3.4 కోట్ల హాంకాంగ్ డాలర్లకి పైనే, ఆయనకి హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో బెస్ట్ యాక్టర్ కూడా వచ్చింది, ఆ ఉక్కపోత ఊళ్ళో కుర్రాళ్ళు లాంగ్ కోట్లు వేసుకుని తిరగడం మొదలెట్టారు, చెమటకి ఏమైపోయారో మరి.

చూసేటప్పుడు ఏం గమనించాలి అంటే, మేపుల్ గ్రోవ్ రెస్టారెంట్ లో చౌ యున్ ఫ్యాట్ పూలకుండీల్లో గన్‌లు దాచుకుంటూ వెళ్ళే సీన్ అందరికీ గుర్తుండిపోతుంది, దాన్ని ఎంజాయ్ చెయ్యండి, కానీ గుండె ఉన్నది అక్కడ కాదు. జైలు నుంచి వచ్చిన టీ లంగ్ దూరం నుంచి స్నేహితుణ్ణి చూస్తాడు, ఒకప్పుడు నోటుతో సిగరెట్ వెలిగించుకున్నవాడు ఇప్పుడు కార్లు తుడుస్తూ, ఎవడో విసిరేసిన డబ్బు ఏరుకుని, కింద కూర్చుని అన్నం తింటుంటాడు. అక్కడ ఆపకండి, ఫోన్ చూడకండి. ఆ సీన్ మీకు తగిలితే ఇక ఈ సినిమాలన్నీ మీవే, తగల్లేదంటే మిగతావి చూసినా పెద్దగా లాభం లేదు, నిజంగానే చెప్తున్నా.

కాల్పుల్ని ఎలా చూడాలో కూడా ఒక మాట. గన్ లో అన్ని బుల్లెట్లు ఎక్కడివి, రీలోడ్ ఎప్పుడు చేశాడు అని లెక్కపెడితే పిచ్చెక్కుతుంది. జాన్ వూ షా బ్రదర్స్ లో చాంగ్ చెహ్ అనే డైరెక్టర్ దగ్గర అసిస్టెంట్ గా పనిచేశాడు, ఆ చాంగ్ చెహ్ సినిమాల్లో కడుపులో కత్తి దిగినా సరే హీరో మాట నిలబెట్టుకునే దాకా పడిపోడు, ఒంటిమీద తెల్లబట్టలు ఎర్రగా అయ్యేదాకా పోరాడుతూనే ఉంటాడు. జాన్ వూ చేసింది ఏంటంటే ఆ కత్తులు తీసేసి గన్‌లు పెట్టి, ఆ యోధుడికి సూటు తొడిగాడు. అందుకే వీళ్ళు దూరంగా దాక్కుని కాల్చుకోరు, చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చి కాల్చుకుంటారు. దానికి తోడు ఆయనకి హాలీవుడ్ మ్యూజికల్స్ అంటే ప్రాణం, మనుషులు పడిపోవడం లేవడం తిరగడం అంతా ఒక తాళంలో ఉంటుంది. కత్తి యుద్ధం, డాన్స్, ఈ రెండూ మనసులో పెట్టుకుని చూస్తే బుల్లెట్ల లెక్క గుర్తే రాదు.

భాష సంగతి. ఇంగ్లీష్ డబ్బింగ్ జోలికి వెళ్ళొద్దు, ఎంత ఫ్రీగా దొరికినా సరే. ఆ డబ్బింగ్ లో అందరూ ఒకే రేడియో స్టేషన్ నుంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, ఏడిచే సీన్ లో నవ్వొస్తుంది, అక్కడితో సినిమా అయిపోయినట్టే. కాంటనీస్ ఆడియో పెట్టుకుని సబ్‌టైటిల్స్ తో చూడండి. అయితే కాంటనీస్ లో చూసినా పెదాలకీ మాటకీ కొంచెం తేడా వస్తుంటుంది, ప్రింట్ పాడైందేమో అని కంగారు పడకండి, ఆ రోజుల్లో హాంకాంగ్ లో షూటింగ్ లో సౌండ్ రికార్డ్ చెయ్యకుండా తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పించడమే ఎక్కువ, హీరోయిన్ నోట్లోంచి ఇంకొకరి గొంతు రావడం మనకేమైనా కొత్తా. పాత కాపీల్లో బొమ్మమీదే చైనీస్, ఇంగ్లీష్ అక్షరాలు రెండూ కలిసి ముద్రపడి ఉంటాయి, బ్రిటిష్ పాలన కాబట్టి 1963 నుంచి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరి చేశారు, హడావిడిగా చేసిన పని కావడంతో ఆ ఇంగ్లీష్ ఒక్కోసారి ఘోరంగా ఉంటుంది, సీరియస్ సీన్ లో ఏదో వింత వాక్యం వస్తుంది. కొత్తగా రీస్టోర్ చేసిన కాపీ దొరికితే అందులో అనువాదం కూడా మళ్ళీ చేసి ఉంటారు, అదే తీసుకోండి.

ఇంకో సంగతి తెలియకపోతే ఈ సినిమాల్లో ఆ దిగులు ఎక్కడినుంచి వస్తుందో అర్థం కాదు. 1984లో బ్రిటన్, చైనా కలిసి ఒప్పందం మీద సంతకం పెట్టాయి, 1997 జూలై 1న హాంకాంగ్ చైనా చేతికి వెళ్తుందని. అంటే ఈ సినిమాలు తీసినవాళ్ళూ చూసినవాళ్ళూ అందరూ తమ ఊరికి ఒక తేదీ రాసిపెట్టి ఉందని తెలిసి బతుకుతున్నారు, డబ్బున్నవాళ్ళు కెనడాకో ఆస్ట్రేలియాకో సర్దుకుంటున్నారు, లేనివాళ్ళు చూస్తున్నారు. ఎ బెటర్ టుమారో లో ఒక రాత్రి కొండమీద నుంచి ఊరి లైట్లు చూస్తూ చౌ యున్ ఫ్యాట్ ఇంత అందమైనది ఎంతో కాలం నిలవదు కదా అన్న అర్థంలో ఒక మాట అంటాడు, పైకి అది ఇద్దరు గ్యాంగ్‌స్టర్ల బాధ, థియేటర్ లో కూర్చున్నవాళ్ళకి మాత్రం అది ఇంకో రకంగా వినపడి ఉంటుంది. కాలం చెల్లిపోయిన పద్ధతి, దాన్ని పట్టుకుని వేలాడే ఇద్దరు ముగ్గురు, పాత మర్యాద తెలియని కొత్త బాస్, ఈ కథ మళ్ళీ మళ్ళీ తియ్యడం వెనక ఇది కూడా ఉంది.

రెండోది ది కిల్లర్, 1989. వెంటనే చూడకండి, ఒక రెండ్రోజులు ఆగి చూడండి. కిరాయి హంతకుడు పనిలో ఉండగా పొరపాటున ఒక సింగర్ కళ్ళు పోగొడతాడు, ఆ అమ్మాయి ఆపరేషన్ డబ్బుల కోసం ఇంకొక్క హత్య ఒప్పుకుంటాడు, వెంటపడే పోలీస్ మెల్లగా వీడిమీద గౌరవం పెంచుకుంటాడు. కాగితం మీద రాస్తే ఎబ్బెట్టుగానే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఆ అమ్మాయి ఇంట్లో ఒక సీన్ ఉంది, హంతకుడు చౌ యున్ ఫ్యాట్, పోలీస్ డానీ లీ ఒకరి మొహానికి ఒకరు గన్ గురిపెట్టి, ఆమెకి చూపు సరిగ్గా లేదు కాబట్టి తెలియకూడదని పాత దోస్తుల్లాగా నవ్వుతూ కబుర్లు చెప్తూ గదంతా తిరుగుతుంటారు, ఆమె వాళ్ళకి టీ ఇస్తుంటుంది. భయం, నవ్వు, జాలి మూడూ ఒకేసారి, ఇలాంటిది రాసుకోవాలంటే ధైర్యం కావాలి. చర్చి, పావురాలు, కొవ్వొత్తులు ఎందుకు ఇన్ని అంటే, జాన్ వూ చిన్నప్పుడు గ్వాంగ్‌జౌ నుంచి వచ్చి హాంకాంగ్ మురికివాడల్లో పెరిగాడు, 1953లో షెక్ కిప్ మే అగ్నిప్రమాదంలో వాళ్ళ ఇల్లు పోయింది, చర్చివాళ్ళే ఆదుకున్నారు, పాస్టర్ అవ్వాలని కూడా అనుకున్నాడట. ఆ తర్వాత హాలీవుడ్ వెళ్ళి కూడా పావురాలు ఎగరేస్తూనే ఉన్నాడు, అక్కడ అవి కాస్త అలంకారం అయిపోయాయి అని నా ఫీలింగ్, ఇక్కడ మాత్రం అవి నమ్మకం.

మూడోది అప్పుడు హార్డ్ బాయిల్డ్, 1992. ఇది కథ కోసం చూసేది కాదు, ముందే చెప్తున్నా, కథ పలచనే. చేతిపని కోసం చూడాలి. మొదట్లో టీ హౌస్ కాల్పులు, పెద్దాళ్ళు పొద్దున్నే పక్షి పంజరాలు పట్టుకుని టీ తాగడానికి వచ్చే పాత రకం హోటల్, ఆ పంజరాల మధ్యే గన్‌లు. చివర్లో హాస్పిటల్, అక్కడ రెండున్నర నిమిషాలు దాటి కట్ లేకుండా ఒకే షాట్ నడుస్తుంది, చౌ యున్ ఫ్యాట్, టోనీ లియాంగ్ ఇద్దరూ ఒక ఫ్లోర్ క్లియర్ చేసుకుంటూ వెళ్ళి లిఫ్ట్ ఎక్కుతారు, తలుపు మూసుకుంటుంది, లోపల వాళ్ళు మాట్లాడుకునే ఆ కొన్ని సెకన్లలో బయట యూనిట్ వాళ్ళు అదే కారిడార్ ని వేరే ఫ్లోర్ లాగా మార్చేశారు, తలుపు తెరుచుకునేసరికి మళ్ళీ కాల్పులు. ఫస్ట్ సారి మామూలుగా చూడండి, రెండోసారి లిఫ్ట్ లో వాళ్ళ మొహాలు చూడండి, ఎందుకంటే టోనీ లియాంగ్ ఇక్కడ ముఠాలో దొంగలా బతుకుతున్న పోలీస్, కాల్పుల గోలలో ఒక తోటి పోలీస్ ని కాల్చేస్తాడు, అంత హడావిడిలోనూ కెమెరా ఆ తప్పుని వదలదు. విలన్ గ్యాంగ్ లో ఒంటికన్ను వాడు ఒకడున్నాడు, ఫిలిప్ క్వాక్, చాంగ్ చెహ్ సినిమాల మనిషే, పేషెంట్ల జోలికి వెళ్ళను అనే నియమం వాడిది, విలన్ కి కూడా ఒక గీత గీసి పెట్టడం ఈ సినిమాల పద్ధతి.

జాన్ వూ ఈ మూడు చాలు మొదటి విడతకి. ఇక్కడ చాలామంది చేసేది ఏంటంటే ఎ బెటర్ టుమారో రెండో భాగం, మూడో భాగం అని వరసగా వెళ్ళిపోతారు, వద్దు, రెండో భాగంలో చివరి ఫైట్ తప్ప మిగతాదంతా అతుకుల బొంత. దానికంటే రింగో లామ్ అనే ఇంకో డైరెక్టర్ దగ్గరికి వెళ్ళండి. సిటీ ఆన్ ఫైర్, 1987, మళ్ళీ చౌ యున్ ఫ్యాటే, నగల దొంగల ముఠాలో దూరిన అండర్‌కవర్ పోలీస్, కానీ ఇక్కడ లాంగ్ కోటు లేదు పావురం లేదు, రోడ్డుమీద పరిగెడితే ఆయాసం వస్తుంది, బుల్లెట్ తగిలితే నిజంగా నొప్పి పుడుతుంది, పైఆఫీసర్ వీడిని వాడుకుని వదిలేస్తాడు. జాన్ వూ మనుషులు ఎలా ఉంటే బాగుంటుందో తీశాడు, రింగో లామ్ ఆ ఊళ్ళో జీతానికి పనిచేసేవాడి బతుకు తీశాడు. ఈ సినిమా చివరి భాగం రిజర్వాయర్ డాగ్స్ అనే అమెరికన్ సినిమాలోకి ఎలా వెళ్ళిందో చూస్తే మీకే తెలిసిపోతుంది, అక్కడినుంచి హిందీ కాంటే దాకా వచ్చింది, అది 2002లో చూసినవాళ్ళు ఇప్పుడు వెనక్కి వెళ్ళి మొదటిది చూడొచ్చు.

గుండె గట్టిగా ఉన్నవాళ్ళు దీని పక్కనే లాంగ్ ఆర్మ్ ఆఫ్ ది లా పెట్టుకోండి, 1984, జానీ మాక్ డైరెక్టర్, తెలిసిన ముఖాలు దాదాపు లేవు. చైనా వైపు నుంచి సరిహద్దు దాటి దోపిడీకి వచ్చిన మాజీ సైనికుల్లాంటి కుర్రాళ్ళు, ఒక నగల షాపు కొట్టేసి వెళ్ళిపోదాం అని వచ్చి ఇరుక్కుపోతారు. చివరి భాగం కౌలూన్ వాల్డ్ సిటీ లో, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఇళ్ళు, వెలుతురు పడని సందులు, ఇప్పుడది లేదు, 90ల మొదట్లో కూల్చేసి పార్కు కట్టేశారు, కాబట్టి ఆ సందులు చూడాలంటే ఇలాంటి సినిమాల్లో చూడాల్సిందే. ఇందులో స్నేహాన్ని పాటలా పాడడం ఉండదు, వీళ్ళని ఎలుకల్లా నొక్కేస్తారు. ఎ బెటర్ టుమారో చూసిన తర్వాత చూస్తేనే దీని చేదు తెలుస్తుంది, ముందు చూస్తే ఉత్త బీభత్సంలా ఉంటుంది.

కొన్ని చిన్నచిన్న సంగతులు చెప్పేస్తా, చూసేటప్పుడు పనికొస్తాయి. ఎర్ర మొహం, పొడుగు గడ్డం ఉన్న దేవుడి బొమ్మ ముందు అగరొత్తులు పెడుతుంటే అది క్వాన్ గుంగ్, మాటకి కట్టుబడే యోధుడు, విచిత్రం ఏంటంటే హాంకాంగ్ లో ముఠాలవాళ్ళూ పూజిస్తారు, పోలీసులూ పూజిస్తారు, ఒకే సినిమాలో రెండుచోట్లా కనిపిస్తే అది పొరపాటు కాదు. పెద్దవాడికి టీ కప్పు అందించడం అంటే మర్యాద లేదా క్షమాపణ, ఎవడు ఎవడికి పోశాడు, ఎవడు తాగకుండా పక్కన పెట్టాడు అన్నది గమనిస్తే సగం కథ అక్కడే అయిపోతుంది. 'దాయ్ లో' అని వినిపిస్తే పెద్దన్న, 'ఆ సర్' అని వినిపిస్తే పోలీసాయన.

ఒప్పుకోవాల్సిన లోపాలు కూడా ఉన్నాయి. ఆడవాళ్ళ పాత్రలు చాలావరకు తేలిపోతాయి, ఏడవడానికో, కాపాడబడడానికో, మగాళ్ళ స్నేహానికి అడ్డం రావడానికో తప్ప వాళ్ళకి పని ఉండదు, ఎ బెటర్ టుమారో లో తమ్ముడి గర్ల్‌ఫ్రెండ్ సీన్లు ఇప్పుడు చూస్తే విసుగే. కొన్నిట్లో కామెడీ ట్రాక్ కూడా భరించడం కష్టం. ఇంకా ఒకటి, తెరమీద ఇంత నీతిగా కనిపించే ముఠాలు నిజం హాంకాంగ్ లో ఆర్టిస్టుల్ని బెదిరించి సినిమాలు చేయించుకునేవి, 1992 జనవరిలో సినిమావాళ్ళే దీనికి వ్యతిరేకంగా రోడ్డెక్కి ర్యాలీ తీశారు. ఇది తెలిసి చూడ్డం మంచిది, తెలిసినా సినిమా బాగానే ఉంటుంది. పిల్లలతో చూడొద్దని వేరే చెప్పాలా, రక్తం ఎక్కువ, కొన్నిటికి అక్కడ పెద్దలకి మాత్రమే అనే కేటగిరీ త్రీ సర్టిఫికెట్.

ఇదంతా అయ్యాక కాస్త ముందుకి రండి, జానీ టో అనే డైరెక్టర్ దగ్గరికి. ది మిషన్, 1999, గంటన్నర లోపే అయిపోతుంది. బాస్ ని కాపాడ్డానికి ఐదుగురు బాడీగార్డులు, అంతే కథ. మూతపడే టైమ్ లో ఖాళీ షాపింగ్ మాల్ లో కాల్పుల సీన్ లో వీళ్ళు ఎగరరు దూకరు, ఒక్కొక్కడు ఒక్కో మూల నిలబడి కదలకుండా ఎదురుచూస్తారు, ఎప్పుడో ఒక బుల్లెట్. పదమూడేళ్ళలో అదే ఊరి సినిమా ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో ఆ ఒక్క సీన్ లో కనిపిస్తుంది. ఇంకో సీన్ లో పనిలేక ఆఫీసు కారిడార్ లో నిలబడి కాగితం ఉండతో ఒకరికొకరు ఫుట్‌బాల్ ఆడుకుంటారు, ఒక్క మాట లేదు, కానీ ఇక వీళ్ళు ఒక జట్టు అయ్యారని మనకి తెలిసిపోతుంది. ఎ బెటర్ టుమారో వాళ్ళు కన్నీళ్ళతో చెప్పిందే వీళ్ళు కాగితం ఉండతో చెప్పారు.

యంగ్ అండ్ డేంజరస్ సిరీస్ గురించి అడుగుతారు, 1996లో ఒక్క ఏడాదే మూడు భాగాలు వచ్చాయి, కామిక్ పుస్తకం నుంచి తీసినవి, పొడుగు జుట్టు కుర్ర గ్యాంగ్‌స్టర్లు, పాటలు, స్టైల్. టైమ్‌పాస్ కి ఒకటి చూడండి చాలు. ఎలక్షన్ మాత్రం, అదీ జానీ టో దే, 2005, రెండేళ్ళకోసారి ముఠా నాయకుణ్ణి ఎన్నుకునే తంతు, సినిమా మొత్తంలో ఒక్క గన్ కూడా పేలదు, అన్నీ కత్తులు, రాళ్ళు, చెక్కముక్కలు. అన్నదమ్ముల ప్రమాణాలు చేసినవాళ్ళే ఏం చేస్తారో చివరి పది నిమిషాల్లో చూస్తారు. దీన్ని ఆఖరున పెట్టుకోండి, ముందు పెట్టుకుంటే మిగతా సినిమాలన్నిటిమీదా నమ్మకం పోతుంది.

ఎక్కడ దొరుకుతాయి అంటే, ఏళ్ళ తరబడి ఇవి హక్కుల గొడవల్లో పడి పాత డీవీడీలే గతి, 2025లో షౌట్ స్టూడియోస్ అనే అమెరికా కంపెనీ గోల్డెన్ ప్రిన్సెస్ అనే పాత హాంకాంగ్ సినిమా కంపెనీ లైబ్రరీ హక్కులు తీసుకోవడంతో ది కిల్లర్, హార్డ్ బాయిల్డ్ లాంటివి ఫోర్ కే లో రీస్టోర్ అవుతున్నాయి. స్ట్రీమింగ్ లో ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండదు కాబట్టి కనిపించినప్పుడే చూసెయ్యండి, ప్లే కొట్టేముందు ఆడియో సెట్టింగ్స్ లో కాంటనీస్ ఉందో లేదో చూసుకోండి, కొన్నిట్లో మాండరిన్ ట్రాక్ డీఫాల్ట్ గా వస్తుంది, అది కూడా డబ్బింగే.